కళ్ళం బడిలో సంచి ఆట

కుప్పలు నూర్చి ధాన్యం ఇంటికి చేర్చాక కళ్ళానికి పనుండదు. మళ్ళీ పంట చేతికొచ్చేదాకా రైతు అటు తొంగి కూడా చూడడు. అందుకని ఆ రైతింటి జంతువులన్నీ కూడబలుక్కుని అక్కడ బడి పెట్టుకున్నాయి. నేల పేడతో అలికి చదునుగా ఉంటుంది. మధ్యలో రాట ఉంటుంది. పక్కన గడ్డివాము నీడ ఉంటుంది. పిల్లలు పరిగెత్తి బోర్లాపడినా మోకాళ్ళు కొట్టుకుపోవు. బడికి ఇంతకంటే ఏం కావాలి?

మేష్టారు పేరు పోలయ్య. ముసలి ఎద్దు. ఆ రాట చుట్టూ తిరిగీ తిరిగీ వయసంతా గడిపేశాడు. అరక లాగలేని రోజు వచ్చాక రైతు దయతలచి కొట్టంలోనే ఉండనిచ్చాడు. పోలయ్యకి కోపం అంటే ఏమిటో తెలియదు. ఈగ వాలినా తోక ఆడించాలా వద్దా అని కాసేపు ఆలోచిస్తాడు. అందుకే కొత్తగా బడిలో చేరిన పిల్లల్ని తెచ్చి ఆయనకి అప్పగించారు.

ఆయన చదువు చెప్పే పద్ధతే వేరు. కందులు, పెసలు, జొన్నలు కలిపి ఒక కుప్ప పోసి, ఏవి వాటికి వేరు చెయ్యమంటాడు. మెడలో గంట ఊపుతూ రాట చుట్టూ తిప్పుతాడు. గంట ఆగితే అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి. ఇంకో ఆటలో పిల్లలంతా కళ్ళు మూసుకుంటే ఒకరు చప్పుడు చెయ్యకుండా వెళ్ళి దాక్కుంటారు. కళ్ళు తెరిచాక ఎవరు లేరో చెప్పాలి. ఇక బడి వదిలే ముందు సంచి ఆట ఆడాల్సిందే. గోనెసంచిలో ఏదో ఒక వస్తువు వేస్తాడు. పిల్లలు లోపలికి చూడకూడదు. తలొకరూ తడిమి, మెత్తగా ఉందో గరుగ్గా ఉందో, చల్లగా ఉందో వెచ్చగా ఉందో చెప్పాలి. అందరి వంతూ అయ్యేదాకా సంచి పట్టుకున్నవాళ్ళు కదలకూడదు, వస్తువు పేరు ఎవరూ పైకి అనకూడదు. తప్పు చెప్పినా పోలయ్య ఏమీ అనడు. "తొందర లేదు నాయనా, మళ్ళీ చూడు" అంటాడు, అంతే.

పిల్లలకి ఈ బడి ప్రాణం. నూకాలుకి మాత్రం ఒళ్ళు మంట.

నూకాలు అంటే కోడిపెట్ట. మంచిదే, కానీ తొందరెక్కువ. పొదిగిన పిల్లలన్నీ పెద్దవై దేని దారి అది చూసుకున్నాయి. ఆఖరి గుడ్డులోంచి ఆలస్యంగా బయటపడ్డ బుల్లోడు ఒక్కడే ఇంకా రెక్క కింద పడుకుంటున్నాడు. వాడి మీద నూకాలు పెట్టుకున్న ఆశలు ఇన్నీ అన్నీ కావు. వాడు పెద్దింటి మిద్దె మీద నిలబడి ఊరు మొత్తాన్నీ నిద్రలేపే పుంజు కావాలి. దానికి చదువు కావాలి. ఆ చదువేమో కనిపించడం లేదు.

సాయంత్రం అయ్యేసరికి బుల్లోణ్ణి ఎదురుగా నిలబెట్టుకునేది.

"ఇవాళ ఏం నేర్చుకున్నావురా?"

"కందులు ఒకపక్క, పెసలు ఒకపక్క పెట్టామమ్మా."

"పెట్టాక?"

"మళ్ళీ కలిపేశాం."

"కలిపేశారా! పోనీ తిన్నారా?"

"లేదు. తింటే రేపటికి ఉండవన్నారు మేష్టారు."

నూకాలు నెత్తి కొట్టుకుంది. గింజని ఎదురుగా పెట్టుకుని తినకుండా ఇంటికొచ్చిన కోడిపిల్లని ఆవిడ వంశంలో ఎవరూ చూడలేదు. "ఒరేయ్, పెద్దింటి వసారాలో చిలక కూతురు వంద దాకా ఒంట్లు గడగడా చెప్పేస్తోంది. నువ్వు ఒకటి, రెండు కూడా చెప్పలేవు. సిగ్గులేదట్రా?" అని రోజూ తిట్టేది. బుల్లోడు తల వంచుకుని కాలిగోరుతో నేల గీకేవాడు. ఆ గీతలు బళ్ళో నేర్చుకున్నవేనని, అవి రోజురోజుకీ తిన్నగా వస్తున్నాయని ఆవిడ ఎన్నడూ చూసుకోలేదు.

ఒకరోజు తిన్నగా మేష్టారి దగ్గరికే వెళ్ళింది.

"మేష్టారూ, మా వాడికి ఒంట్లు ఎప్పుడొస్తాయి?"

"వస్తాయమ్మా."

"ఎప్పుడంట? నడిచొస్తాయా, బండెక్కొస్తాయా?"

పోలయ్య నెమరు ఆపాడు. "వాడి కాళ్ళతో వాడు నడిచి తెచ్చుకుంటాడమ్మా. కాస్త ఓపిక పట్టు."

"మీ ఓపిక నాకెక్కడిది మేష్టారూ!" అని నూకాలు విసవిసా నడుచుకుంటూ వచ్చేసింది.

ఈ మాటలన్నీ కంచె అవతల తాటితోపులో కూర్చున్న ఒక నక్క విన్నాడు. పేరు జంబులింగం. నాలుగు రోజులుగా ఆ బడి వైపు చూస్తూ గుటకలు మింగుతున్నాడు. మర్నాడు పొద్దున్నే మెడలో పూసలు, భుజం మీదుగా అడ్డంగా తగిలించుకున్న గుడ్డసంచితో కంచె దగ్గర ప్రత్యక్షమయ్యాడు.

నూకాలు ఒక్క గెంతులో కంచె ఎక్కేసింది. "అక్కడే ఆగు! ఇంకో అడుగు వేశావంటే కుక్కని పిలుస్తాను!"

"పిలవండి అమ్మగారూ, ఆ కుక్కగారి పిల్లలకీ పనికొచ్చే మాటే చెప్పడానికొచ్చాను. నేను సర్కస్‌లో సింహాలకి చదువు చెప్పిన పంతుల్ని. మాంసం మానేశాను. సీతాఫలాలతో కాలక్షేపం చేస్తున్నాను."

"ఎప్పటినుంచి మానేశావేం?"

"పళ్ళు కదలడం మొదలైనప్పటినుంచి."

ఆ మాట నిజంలాగే అనిపించి నూకాలు రెక్కలు కాస్త దించింది. నక్క గొంతు తగ్గించాడు. "మీ బడి చూశాను. ఏం లాభం అమ్మగారూ? పిల్లల్ని ఆడిస్తున్నారు. చదువంటే అదా? కూర్చోబెట్టాలి. కళ్ళు మూయించాలి. గొంతెత్తి ఒంట్లు చెప్పించాలి. నాకు ఒక్క పూట ఇవ్వండి. సాయంత్రానికి మీ బాబు చిలక కూతుర్ని మించిపోకపోతే నా పేరు జంబులింగమే కాదు."

మీ బాబు అన్నాడు! ఇంతవరకూ బుల్లోణ్ణి బాబు అన్నవాళ్ళెవరూ లేరు. నూకాలు మనసు అక్కడే కరిగిపోయింది.

ఆ మధ్యాహ్నం తల్లిదండ్రులందర్నీ పోగేసింది. మేక సత్తెమ్మ గడ్డం ఆడిస్తూ, "వదినా, నీకు మతి గాని పోయిందా? నక్కని తెచ్చి పిల్లల మధ్య కూర్చోబెడతావా?" అంది.

"పట్టపగలు, మనందరం కంచె మీద ఉండగా ఏం చేస్తాడు వదినా? మీ లచ్చికి ఒంట్లు వద్దా?"

సత్తెమ్మకీ వద్దని లేదు. పందమ్మకీ, బాతమ్మకీ, పిల్లమ్మకీ, దూడ తల్లికీ కూడా లేదు. చిలక కూతురి ఒంట్లు అందరి చెవుల్లోనూ గింగురుమంటున్నాయి మరి. సింహాలు నిజంగా ఒంట్లు చెబుతాయా అని అడగాలని ఒక్కరికీ తోచలేదు.

పోలయ్య మాత్రం తన మాట తను చెప్పాడు. "నాకిది నచ్చలేదు. కానీ పిల్లలు మీవాళ్ళు. మీరు దగ్గరుంటామంటున్నారు కాబట్టి, నేనూ కేక వేస్తే వినపడేంత దూరంలో ఉంటాను."

"పిల్లలకి ఒంట్లు గనక వస్తే, రేపటినుంచి బడి ఆయనకే ఇచ్చేద్దాం మేష్టారూ" అంది నూకాలు. ఎద్దు చెవులు రెండూ మెల్లిగా కిందికి వాలాయి. అది చూసి నూకాలు గబుక్కున చూపు తిప్పేసుకుంది.

జంబులింగం సంత రోజు ఎంచుకున్నాడు. ఆ రోజు రైతు సంతకి వెళ్తాడు, వెనకాలే కుక్క కూడా వెళ్తుంది. వచ్చీ రాగానే పంతులు కళ్ళం నాలుగువైపులా చూసి మొహం చిట్లించాడు.

"ఈ గింజలేమిటి, ఈ గోనెసంచేమిటి, ఈ చెత్తంతా ఏమిటి? చదువుకునే చోట ఆటవస్తువులా? ఎద్దుగారూ, మీ సరంజామా మీరు పట్టుకెళ్ళండి."

పోలయ్య గింజలన్నీ గోనెసంచిలోకి ఎత్తించుకుని, దాన్ని కొమ్ముకి తగిలించుకుని కొట్టం వైపు నడిచాడు. పిల్లలు ఆ సంచి వెళ్ళిపోతుంటే దాని వంకే చూస్తూ ఉండిపోయారు.

నూకాలు బుల్లోణ్ణి నాలుగుసార్లు నిమిరి ముందువరసలో కూర్చోబెట్టింది. పంతులి సంచి వైపు చూసి, "అందులో పలకలాండీ?" అనడిగింది.

"పలకలూ, పుస్తకాలూ."

"బొత్తిగా వేలాడిపోతోందే?"

"పట్నం పుస్తకాలు అమ్మగారూ. పలచగా ఉంటాయి."

నూకాలు సంతోషించింది. ఖరీదైన వస్తువులు పలచగానే ఉంటాయని ఎక్కడో విన్నట్టు కూడా గుర్తొచ్చింది.

"ఇంకొక్క మాట" అన్నాడు జంబులింగం. "చదువుకునే పిల్లల్ని తల్లులు కళ్ళార్పకుండా చూస్తే దిష్టి తగులుతుంది. దయచేసి అటు పొలం వైపు తిరిగి కూర్చోండి."

దిష్టి అన్నాక ఏ తల్లి కాదంటుంది? అందరూ బుద్ధిగా కళ్ళానికి వీపులు పెట్టి, కొందరు కంచె ఎక్కీ, కొందరు కంచెని ఆనుకునీ కూర్చున్నారు. వెనకనుంచి పంతులు గొంతు ఖంగుమంది. "కళ్ళు మూయండి! గట్టిగా! నేను తెరవమనేదాకా తెరిచారో, చూడండి మరి. ఒకటీ…"

"ఒకటీ!" అన్నారు పిల్లలు.

"రెండూ…"

"రెండూ!"

నూకాలుకి కళ్ళు చెమర్చాయి. ఎంతకాలంగా వినాలనుకున్న మాటలు! కళ్ళం దద్దరిల్లిపోతోంది. ఇదీ బడంటే. ఆవిడ మనసు అప్పుడే పెద్దింటి మిద్దె మీదికి ఎగిరిపోయింది. అక్కడ బుల్లోడు ఎర్రటి జుట్టుతో నిలబడి కొక్కొరోకో అంటున్నాడు, చిలక కూతురు పంజరంలోంచి నోరు తెరుచుకుని చూస్తోంది.

సత్తెమ్మ చెవులు రిక్కించింది. "మీ వాడి గొంతు వినపడటం లేదేం వదినా?"

"అంతమందిలో ఎలా వినపడుతుంది? అందరి గొంతూ ఒకటైపోయింది. అదే మరి చదువంటే!" అంది నూకాలు గర్వంగా.

వీపు వెనకాల ఏం జరిగిందో ఆవిడకి తర్వాత పిల్లలు చెబితే తెలిసింది. మనం ఇప్పుడే చెప్పుకుందాం. పిల్లలంతా కళ్ళు మూసుకుని ఒంట్లు అరుస్తుంటే, జంబులింగం ముందువరసలోకి వంగి బుల్లోడి చెవిలో, "నువ్వు దాక్కునే వంతురా బాబూ, చప్పుడు చెయ్యకూడదు" అన్నాడు. రోజూ ఆడే ఆటే కదా అని బుల్లోడు నోరు మూసుకుని బుద్ధిగా వెళ్ళి సంచిలో కూర్చున్నాడు. అంత తేలిగ్గా పని జరుగుతుందని నక్కే అనుకోలేదు.

"ఇవాళ్టికింతే. కళ్ళు తెరవండి. బడి వదిలేశాను" అని జంబులింగం కంచెలో ఉన్న సందు వైపు నడక సాగించాడు. వందకి ఇంకా చాలా దూరం ఉంది, కానీ సంచి నిండింది.

పిల్లలు కళ్ళు తెరిచారు. మూసిన కళ్ళు తెరిస్తే చెయ్యాల్సిన పని వాళ్ళకొకటే తెలుసు. అటూ ఇటూ ఒక్కసారి చూసుకున్నారు. ఒంట్లు రాని పిల్లలకి ఒకడు తగ్గితే ఏం తెలుస్తుందిలే అని జంబులింగం అనుకున్నాడు. తాటితోపులోంచి వాడు చూసింది ఆ ఆటలో దాక్కోవడం వరకే.

"బుల్లోడు లేడు!" అని అరిచింది మేకపిల్ల లచ్చి.

"నేను చెబుదామనుకున్నా! బుల్లోడే లేడు!" అన్నాడు పందిపిల్ల గుండు.

నూకాలు గిరుక్కున తిరిగింది. తల్లులంతా తిరిగారు. జంబులింగం ఆగి, అందరికీ ఒక నవ్వు పారేశాడు. "కంగారు పడకండి అమ్మగారూ. బాబు మంచినీళ్ళకి వెళ్ళాడు. బాగా చదివాడేమో, గొంతు ఆరిపోయింది."

"అలాగా!" అని నూకాలు గుండె మీద రెక్క వేసుకుంది.

గుండు అప్పటికే కుడితి తొట్టి దాకా పరిగెత్తి వచ్చాడు. "అక్కడ లేడు!" బాతుపిల్ల గడ్డివాము చుట్టూ తిరిగొచ్చింది. "ఇక్కడా లేడు! భలే చోట దాక్కున్నాడు!" పిల్లలకి సరదా పుట్టింది. అందరూ పంతులి చుట్టూ మూగారు. "పంతులుగారండీ, సంచి ఆట ఆడకుండా వెళ్ళిపోతారేంటండీ?"

"మీ సంచి మీ మేష్టారు పట్టుకుపోయాడు కదా. ఆట లేదు, ఏమీ లేదు. పక్కకి తప్పుకోండి."

"మీ సంచి ఉంది కదండీ!" అంది లచ్చి.

నూకాలు కంచె మీదనుంచి కసిరింది. "పిల్లలూ, పంతులుగారిని విసిగించకండి. పాపం అలిసిపోయారు. ఆయన దారిన ఆయన్ని వెళ్ళనివ్వండి."

అంత మాట అంది మహాతల్లి! కానీ ఆటలో ఉన్న పిల్లలకి పెద్దల మాట చెవికెక్కుతుందా? సంచి చుట్టూ వరసకట్టి నిలబడ్డారు. జంబులింగం చుట్టూ చూశాడు. ఇటు సత్తెమ్మ కొమ్ములు, అటు పందమ్మ మూతి. అందరూ తన వైపే చూస్తున్నారు. పరిగెడితే దొంగ అని ఒప్పుకున్నట్టే. "సరే, కానివ్వండి. పుస్తకాలే ఉన్నాయి" అని పళ్ళికిలించాడు. అవి ఒక్కటీ కదులుతున్నట్టు లేవు.

"కదలకూడదండీ" అని గుండు హెచ్చరించి, సంచికి మూతి ఆనించాడు. "మెత్తగా ఉంది."

"నా వంతు" అంది బాతుపిల్ల. "గుండ్రంగా ఉంది."

పిల్లికూన పంజాతో తడిమి, "వెచ్చగా ఉంది" అంది.

వెచ్చగానా? నూకాలు కంచె మీద బిగుసుకుపోయింది. పుస్తకం వెచ్చగా ఉంటుందా? మెత్తగా, గుండ్రంగా, వెచ్చగా. ప్రతి రాత్రీ తన రెక్క కింద సర్దుకుని పడుకునే ఆ పిడికెడు వెచ్చదనం ఆవిడకి తెలియనిదా?

లచ్చి మూతి పెట్టి, ఉలిక్కిపడి వెనక్కి గెంతింది. "ముక్కుంది! నన్ను పొడిచింది!"

"బుల్లోడా!" అని నూకాలు పెట్టిన కేకకి తాటితోపులో కాకులన్నీ లేచాయి. ఎగిరొచ్చి నక్క మొహం మీద పడింది. కళ్ళని చూడలేదు, ముక్కుని చూడలేదు, దొరికిన చోటల్లా పొడిచేసింది.

"అత్తా, అప్పుడే పేరు చెప్పేశావేంటి? ఇంకా దూడ వంతు అవలేదు!" అని పిల్లలు గోలగోలగా అరిచారు.

జంబులింగం పారిపోదామంటే సంచి మెడకి అడ్డంగా పడి ఉంది, దానికి పిల్లలంతా వేలాడుతున్నారు. మెలికలు తిరిగి ఎలాగో తల బయటికి లాక్కున్నాడు. సంచి వదిలేసి కాళ్ళకు బుద్ధి చెప్పబోయేసరికి ఎదురుగా పోలయ్య నిలబడి ఉన్నాడు. కేక వినపడేంత దూరంలో ఉంటానన్నవాడు ఉన్నాడు మరి. ఎప్పుడూ తొందరపడని ఎద్దు ఆ ఒక్కసారికి తొందరపడ్డాడు. కొమ్ముతో ఎత్తి విసిరితే నక్క పెంటకుప్పలో పడ్డాడు. అక్కడ లేచి బ్రహ్మజెముడు పొదలో పడ్డాడు. ఆ తర్వాత ఎటు పోయాడో ఎవరూ చూడలేదు, అరుపులు మాత్రం చాలాసేపు వినిపించాయి.

సంచిలోంచి బుల్లోడు చెదిరిన నూగుతో బయటికొచ్చాడు. వాడు మొదట అడిగింది అమ్మని కాదు. "ఎవరు ముందు కనిపెట్టారు?"

"మీ అమ్మ!" అన్నారు పిల్లలు.

నూకాలు వాణ్ణి రెక్క కింద అదుముకుని భోరుమని ఏడ్చింది. ఏడుపు తగ్గాక మేష్టారి ముందుకొచ్చి నిలబడింది.

"ఒంట్ల మీద మోజుతో బిడ్డని నా చేతులారా నక్క సంచిలో పెట్టాను మేష్టారూ. మిమ్మల్నేమో అందరిలో చిన్నబుచ్చాను. తప్పయిపోయింది."

"పోనీలే అమ్మా, పిల్లాడు దక్కాడు" అన్నాడు పోలయ్య. "ఒంట్లు ఎక్కడికీ పోవు. ఎవరు లేరో చూసిన వెంటనే చెప్పగలిగినవాళ్ళకి, ఎంతమంది ఉన్నారో చెప్పడం ఏమంత పని?"

జంబులింగం మాత్రం ఇప్పటికీ కొండపక్కన కూర్చుని ముళ్ళు పీక్కుంటూ, దారిన పోయేవాళ్ళందరికీ ఒకటే చెబుతున్నాడట. "ఆ బళ్ళో మాత్రం పిల్లల్ని వేయకండి బాబూ. చదువులేదు, పాడులేదు, పొద్దస్తమానం ఆటలే!"

నక్క వదిలేసి పోయిన గుడ్డసంచి గట్టిది. అది ఇప్పుడు బడి సొత్తు. మర్నాడు బడి వదిలే వేళకి పోలయ్య దాన్ని కొమ్ముకి తగిలించుకుని, "నూకాలమ్మా, నువ్వూ రా" అని పిలిచాడు. నూకాలు సిగ్గుపడుతూ వచ్చి పిల్లల వరసలో ఆఖర్న నిలబడింది. వంతు వచ్చాక సంచిలోకి ముక్కు పెట్టి తడిమింది. గట్టిగా, నున్నగా ఉంది.

"గులకరాయి" అంది.

కాదు. ఆవిడ మొహం ఎర్రబడింది. అందరూ నవ్వుతారేమో అని అటూ ఇటూ చూసింది. ఎవరూ నవ్వలేదు, ఓపిగ్గా చూస్తున్నారు. పక్కన నిలబడ్డ బుల్లోడు ఆవిడ రెక్కని మెల్లిగా లాగాడు.

"తొందర లేదమ్మా, మళ్ళీ చూడు. ఇక్కడెవరూ తిట్టరు."

నూకాలు వాడి వంక చాలాసేపు చూసింది. తర్వాత కళ్ళు మూసుకుని, మళ్ళీ సంచిలో ముక్కు పెట్టింది.

నీతి: పిల్లలు బళ్ళో ఉత్తినే ఆడుకుంటున్నారని అనుకునే ముందు, ఆ ఆట ఒక్కసారి మీరూ ఆడి చూడండి.